గ్యాసును పసిగట్టే కాపలాదారు



2021 మే నెలలో మా ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చి తగ్గింది. పోయిన వాసన నాకూ మా ఆవిడకూ పదిహేను రోజుల్లో తిరిగి వచ్చింది. మా అమ్మకు మాత్రం రాలేదు. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. పోపు మాడినా తెలియదు, అగరొత్తి వెలిగించినా తెలియదు. అయినా వంట మానలేదు. ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి వీధి గుమ్మం దగ్గరే గ్యాసు వాసన గుప్పుమంది. లోపల పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. ఆ పక్కనే పీట మీద కూర్చుని అమ్మ తాపీగా బీరకాయలు తరుగుతోంది. "ఏటిరా, అలా పరిగెత్తుకొచ్చావు?" అని అడిగింది.

ఆ వారమే విశాఖపట్నంలో పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకడితో చెప్పి, గ్యాసు కారితే కూత పెట్టే చిన్న యంత్రం ఒకటి తెప్పించి వంటింటి గోడకు బిగించాను. అప్పటి నుంచి ఈ యంత్రాల పూర్వ చరిత్ర చదవడం నాకు అలవాటయింది. తన ముక్కు చాలనిచోట మనిషి ఎవరెవరిని కాపలా పెట్టుకున్నాడు, ఆ కాపలాదారులు ఎక్కడెక్కడ కునికారు అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ఈ కథ బొగ్గు గనుల్లో మొదలయింది. బొగ్గు పొరల్లో చిక్కుకున్న మీథేన్ వాయువు తవ్వినకొద్దీ బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి అయిదు పాళ్ల నుంచి పదిహేను పాళ్ల దాకా కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో 1812 మే 25న జరిగిన పేలుడులో 92 మంది చనిపోయారు. వారిలో మన ఏడో తరగతి పిల్లల వయసు వాళ్లు కూడా ఉన్నారు. ఆ తరువాత 1815లో హంఫ్రీ డేవీ గని పనివాళ్ల కోసం రక్షణ దీపం తయారు చేశాడు. దీపం చుట్టూ సన్నని తీగల జల్లెడ ఉంటుంది. మంట వేడిని ఆ తీగలు లాగేసుకుంటాయి గనక లోపలి మంట బయటి గ్యాసుకు అంటుకోదు. దానితో ఇంకో ఉపయోగం కూడా ఉంది. మీథేన్ ఉన్నచోట దీపశిఖ మీద లేత నీలం టోపీ వంటి వెలుగు లేస్తుంది. దాని ఎత్తును బట్టి గ్యాసు ఎంత ఉందో అనుభవం ఉన్న పనివాడు చెప్పగలిగేవాడు.

దీపం వచ్చాక ప్రమాదాలు ఆగిపోయి ఉంటాయని మనం అనుకుంటాం. ఆగలేదు. దీపం ఉంది కదా అని, అంతకుముందు భయపడి వదిలేసిన పొరల్లోకి కూడా యజమానులు మనుషుల్ని దించారు. జల్లెడ తుప్పుపట్టి ఒక్కచోట చిల్లు పడినా రక్షణ పోయేది. అప్పుడు కూడా దీపం మాత్రం వెలుగుతూనే ఉండేది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. మన బరంపురం బస్సు దగ్గరికి వచ్చాక దీనితో మళ్లీ పని పడుతుంది.

దీపం తరువాత పిట్ట వచ్చింది. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు గని పేలుళ్లను పరిశీలించి, చాలామంది పేలుడు దెబ్బకు కాక, ఆ తరువాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను పీల్చి చనిపోతున్నారని తేల్చాడు. ఈ వాయువుకూ వాసన లేదు. చిన్న ప్రాణులు త్వరత్వరగా ఊపిరి తీస్తాయి గనక విషం వాటికి ముందు సోకుతుంది. అందుకని ఎలుకల్ని గానీ కెనరీ పిట్టల్ని గానీ వెంట తీసుకువెళ్లమన్నాడు. పిట్ట కొమ్మ మీద తూలిందంటే మనిషికి ఇంకా కొన్ని నిమిషాల వ్యవధి ఉన్నట్టు లెక్క. బ్రిటన్ గనుల్లో ఈ ఏర్పాటు 1986 దాకా సాగింది. ఆ ఏడాది చివర యంత్రాలు పెట్టి, ఇంకా ఉద్యోగంలో ఉన్న రెండు వందల పైచిలుకు పిట్టలను విరమింపజేశారు. పింఛను ఇచ్చారో లేదో చరిత్ర చెప్పదు.

ఈ హాల్డేన్ కొడుకు కథ మనకు ఇంకా దగ్గరిది. ఆయన జె.బి.ఎస్. హాల్డేన్, జన్యుశాస్త్రంలో మహా పండితుడు. 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశం వచ్చి, 1962లో ఒడిశా ప్రభుత్వం ఏర్పాటు చేసిన పరిశోధనశాల బాధ్యత తీసుకుని భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మని రాసిపెట్టాడు. ఆ దేహం చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. చివరి ఊపిరి ఒడియా నేల మీద, చివరి పాఠం తెలుగు పిల్లలకు. మనలాంటి సరిహద్దు వాళ్లకు అచ్చొచ్చిన మనిషి.

ఆయన తన బాల్యం గురించి చెప్పిన ముచ్చట ఒకటుంది. తండ్రి ఆయన్ని చిన్నప్పుడే ఒక గనిలోకి తీసుకువెళ్లి, మీథేన్ పేరుకున్నచోట నిలబెట్టి, షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకంలోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడట. నాలుగు ముక్కలు చెప్పేసరికి కుర్రవాడికి ఆయాసం వచ్చింది, కాళ్లు తేలిపోయి నేల మీద పడ్డాడు. నేల దగ్గర గాలి మామూలుగానే ఉంది, తేరుకున్నాడు. మీథేన్ గాలికంటే తేలిక, కప్పు కిందే తేలుతుంది అన్న పాఠం ఆయన జన్మలో మరిచిపోలేదు. ఇరవై ఏళ్లుగా పద్యాలు అప్పజెప్పించుకుంటున్న నాకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టే గుండె లేదు.

మన ఇళ్లలో బండలో వచ్చే గ్యాసు దీనికి సరిగ్గా తలకిందులు. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలికంటే ఒకటిన్నర రెట్లనుంచి రెండు రెట్ల దాకా బరువు. నీళ్లలా నేల మీద పరుచుకుని, గుంట ఉన్నచోట నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, అంటుకుంటుంది. హాల్డేన్ గారి అబ్బాయి మన వంటింట్లో ఆ పద్యం చదివి ఉంటే, పడిపోయాక లేచేవాడు కాదు. మన గంజాం నుంచి సూరత్ మగ్గాల మీద పనికి పోయిన కుర్రాళ్లు ఒక్కో గదిలో ఎనిమిదిమంది, పదిమంది ఉంటారు. బండ ఆ గదిలోనే, పడక నేల మీదే. గ్యాసు కారితే ముందు చేరేది నిద్రపోతున్నవాడి ముఖం దగ్గరికే. సెలవులకు వచ్చినప్పుడు ఈ మాట వాళ్లకు చెప్పండి.

ఇక వాసన సంగతి. రెండు భాషల మధ్య బతికే మనకు ఇక్కడ ఒక తమాషా ఉంది. తెలుగులో గంధం అంటే దేవుడికి అలదే చందనం. ఒడియాలో 'గొంధొ' అంటే చాలాసార్లు కంపు, మంచి వాసన అయితే 'బాస్నా'. మా బడిలో ఏటా ఒక పిల్లవాడైనా ఈ మాట దగ్గర తడబడి తరగతిని నవ్విస్తాడు. గ్యాసు విషయంలో మనల్ని కాపాడేది ఒడియా గంధమే. బండలోని గ్యాసుకు చెప్పుకోదగ్గ సొంత వాసన లేదు. మనకు తెలిసిన ఆ కుళ్లిన ఉల్లిపాయ కంపు ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనానిది. దాన్ని కావాలని కలుపుతారు. కుళ్లిన మాంసంలో కూడా ఇలాంటి రసాయనాలే పుడతాయి. కాలిఫోర్నియాలో గ్యాసు గొట్టాలు కారినచోట రాబందులు వచ్చి తిరిగేవట, తద్దినం భోజనం ఉందనుకుని.

ఈ కంపు కలపడం చట్టం కావడానికి ఒక బడి బలి అయింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊరు. చమురు బావుల డబ్బుతో కట్టిన గొప్ప పాఠశాల. ఖర్చు తగ్గుతుందని 1937 మొదట్లో కొనే గ్యాసు మానేసి, చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాసును గొట్టం వేసి తెచ్చుకున్నారు. దానికి వాసన లేదు. ఎక్కడో కారి, భవనం కింది ఖాళీలో నిండింది. మార్చి 18 మధ్యాహ్నం, బడి వదలడానికి కొద్ది నిమిషాలుందనగా, చేతిపనుల గదిలో చెక్క నున్న చేసే కరెంటు యంత్రం మీట వేశారు. ఆ రవ్వతో భవనం పైకి లేచి కూలింది. సుమారు మూడు వందలమంది పిల్లలూ ఉపాధ్యాయులూ పోయారు. కొన్ని వారాల్లోనే గ్యాసుకు వాసన కలపాలని ఆ రాష్ట్రంలో శాసనం వచ్చింది, ఆ పద్ధతి తరువాత ప్రపంచమంతా పాకింది. హాజరుపట్టీ రోజూ పిలిచే నాకు ఈ సంగతి చదివిన రోజున అన్నం సయించలేదు.

మన దేశంలో వంటగ్యాసు అమ్మకం 1955లో బొంబాయిలో మొదలయింది. ఇండేన్ తొలి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక కట్టెల పొయ్యి తప్ప తెలియని పల్లెల్లోకి కూడా బండ చేరింది. చేరడం మంచిదే. ఆ బండతో పాటు దాని గుణం గురించి ఎంత చెప్పారన్నది వేరే ప్రశ్న.

వాసన కలిపినంత మాత్రాన సరిపోదని కూడా మనకు తెలుసు. 1997 సెప్టెంబరు 14 ఉదయం విశాఖపట్నంలో హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారం నిల్వ ట్యాంకుల దగ్గర కారిన గ్యాసు నేలబారుగా పరుచుకుని అంటుకుంది. అరవైమంది దాకా చనిపోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గొట్టం నుంచి కారిన గ్యాసు ఊరి మీద పరుచుకుని, నిప్పు తగిలి ఇళ్లను కాల్చేసింది. ఇరవైమందికి పైగా పోయారు. దూరప్రాంతాలకు గొట్టాల్లో వెళ్లే సహజవాయువుకు సాధారణంగా వాసన ఉండదు. ఊళ్లో పంపిణీ చేసేటప్పుడే కలుపుతారు.

ముక్కుకు కూడా కొన్ని బలహీనతలు ఉన్నాయి. ఒకే వాసనలో కాసేపు ఉంటే అది దానికి అలవాటుపడి తెలియకుండా పోతుంది. నిద్రలో మనల్ని లేపదు. వయసుతో మొద్దుబారుతుంది. మా అమ్మకు లాగా జబ్బుతో పోవచ్చు కూడా. అందుకే జపాన్‌లో నవోయోషి తగుచి అనే ఆయన యంత్రపు ముక్కు కనిపెట్టాడు. 1962లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1968 నుంచి అవి బజారులోకి వచ్చాయి. అందులో ఉండేది తగరం ఆక్సైడ్, అంటే మన గిన్నెల కళాయి లోహానికే మరో రూపం. దాన్ని వేడిగా ఉంచితే గాలిలోని ఆక్సిజన్ దాని పైభాగాన్ని పట్టుకుని కరెంటును నడవనివ్వదు. గ్యాసు తగలగానే ఆ ఆక్సిజన్ తొలగిపోయి కరెంటు సులువుగా ప్రవహిస్తుంది. ఆ తేడాను చూసి కూత పెడుతుంది. ఇంత చవకైన వస్తువు గనక జపాన్ వంటిళ్లలోకి లక్షల్లో చేరింది. అమెరికా వాళ్లు కుటుంబంతో తిరిగే ఇల్లులాంటి బండ్లలో, మన సినిమా భాషలో కారవాన్లు అందాం, పొయ్యి, పడక ఒకే గదిలో ఉంటాయి. వాటిలో ఈ యంత్రాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు.

ఈ ముక్కుకు కూడా ఆయుష్షు ఉంది. రాత్రింబవళ్లు వేడిగా ఉండే వస్తువు కదా, దుమ్ము, నూనె జిడ్డు, తేమ దాన్ని మెల్లగా తినేస్తాయి. సిలికోన్ కలిసిన పాలిష్‌లూ గమ్ములూ దానికి విషం. అందుకే వెనక తయారీ తేదీ, ఎన్నేళ్లకు మార్చాలో రాసి ఉంటుంది. చాలా రకాలకు అయిదేళ్లు, కొన్నింటికి ఏడు, పది. పిట్ట చనిపోతే బోనులో పడి ఉండడం కనిపించేది. యంత్రం లోపల చచ్చినా పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. కరెంటు వస్తోందని తప్ప ఆ దీపం మరేమీ చెప్పదు.

ఈ సంగతి నేను కళ్లారా చూసింది మన బరంపురంలోనే. 2024 ఫిబ్రవరిలో అమ్మను కాశీ యాత్ర బస్సు ఎక్కించాలనుకున్నాను. మన వైపు యాత్ర బస్సు అంటే మీకు తెలుసు. వెనక రెండు వరుసల సీట్లు తీసేసి బియ్యం బస్తాలు, గుండిగలు, గ్యాసు బండలు. దారిలో సత్రం దగ్గర ఆగి ఉప్మా, సాంబారు. అసలు ప్రయాణికులున్న బండిలో గ్యాసు బండ పెట్టడమే తప్పు. అంతకు ఆరు నెలల ముందే, 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున, లక్నో నుంచి వచ్చిన యాత్రికుల రైలుపెట్టె మదురై స్టేషను దగ్గర నిలిచి ఉండగా అంటుకుని తొమ్మిదిమంది పోయారు. వాళ్లు నిబంధనలకు విరుద్ధంగా గ్యాసు బండ తెచ్చుకున్నారు. ఈ కథంతా చెప్పి, బండ వద్దు, హోటళ్లలో తిందాం అన్నాను. వంటవాడూ, మడి ఆచారం ఉన్న పెద్దవాళ్లూ ఒక్కటైపోయారు. ఓడిపోయాను.

బస్సు యజమాని మర్యాదస్థుడే. "భయం వద్దు మాస్టారూ, మాకు యంత్రం ఉంది" అని చూపించాడు. ఉంది. వెనక గదిలో కప్పుకు ఆనించి బిగించారు. నేలన పరుచుకునే గ్యాసుకు కప్పు మీద కాపలా! స్టూలెక్కి దాని వెనక చీటీ చూశాను. తయారీ 2014, అయిదేళ్లకు మార్చవలెను. తొమ్మిదేళ్లు దాటింది. "ఆజ్ఞా, బత్తి తొ జొళుచ్చి" అన్నాడాయన, దీపం వెలుగుతోంది కదా అని. పరీక్ష మీట కూడా నొక్కాడు. చెవులు గింగురుమనేలా అరిచింది. ఆ మీట గొంతును పరీక్షిస్తుంది తప్ప ముక్కును పరీక్షించదు.

ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చాడు. యంత్రాన్ని ఊడదీసి, బస్సుకు దూరంగా ఆరుబయట వేరే బ్యాటరీకి తగిలించి, సిగరెట్ లైటరు మంట వెలిగించకుండా గ్యాసు మాత్రం దాని ముందు క్షణంసేపు వదిలాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను వెంట తెచ్చిన కొత్తది పక్కనే పెట్టి అలాగే చేస్తే వెంటనే అరిచింది. (ఇది ఇంట్లో చేసే పరీక్ష కాదు. ఎక్కువ గ్యాసు సోకితే మంచి ముక్కు కూడా చెడుతుంది.) యజమాని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పాత యంత్రాన్ని నమ్ముకుని ఆ బస్సు అప్పటికి ఎన్ని సార్లు కాశీ వెళ్లి వచ్చిందో లెక్క వేసుకుంటున్నాడేమో.

మార్చడం పెద్ద పనేమీ కాదు గానీ ఒక చిక్కు వచ్చింది. ఇలాంటి యంత్రాలు చాలావరకు పన్నెండు వోల్టుల కరెంటుకు చేసినవి. మన బస్సులో ఉండేది ఇరవైనాలుగు. నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. మధ్యలో తగ్గించే పెట్టె ఒకటి పెట్టి, ఫ్యూజు తీసి, తీగలు కలిపి, నేలకు జానెడున్నర ఎత్తున, బస్తాల వెనక దాగకుండా బిగించాడు. కొన్ని నిమిషాలు వేడెక్కాక దీపం నిలకడగా వెలిగింది. గడువు 2028 అని ఎర్ర రంగుతో పక్కనే రాయించాను. బండలకు ప్రయాణంలో రెగ్యులేటరు తీసి మూత పెట్టాలని ఒప్పందం అయింది. మన జిల్లాలో గొట్టపు గ్యాసు తీసుకునే వాళ్లు ఉంటే, అది మీథేన్, వాళ్ల యంత్రం కప్పు దగ్గరికి మారాలి. బండ అయితే నేల దగ్గర. ఏదైనా సరే, కూత వినబడితే కరెంటు మీటలు ముట్టుకోకుండా, తలుపులు తీసి, బండ మూసి బయటికి రండి. ఫోను బయటికి వచ్చాకే చేయండి, 1906కి.

యాత్రలో అది ఒక్కసారే కూసింది, బీహారులో అర్ధరాత్రి. బస్సంతా లేచి హడావుడి. ఆరా తీస్తే వెనక సీట్లో పెద్దాయన ఒకరు మోకాళ్లకు నొప్పి మందు స్ప్రే కొట్టుకున్నారు. అలాంటి డబ్బాల్లో మందును బయటికి నెట్టేది చాలాసార్లు ఈ జాతి గ్యాసే. డ్రైవరు విసుక్కుని తీగ పీకేస్తానన్నాడు. చాలా బస్సుల్లో, చాలా ఇళ్లలో ఈ యంత్రాల కథ అక్కడే ముగుస్తుంది. అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ బాబూ, నాకు రాని వాసన దానికొచ్చింది" అంది. తీగ అలాగే ఉండిపోయింది.

కాశీలో ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలి కదా. పక్కావిడ మామిడిపండు వదిలింది. అమ్మను అడిగితే, "నేను ముందే వదిలేశాను, వాసన" అని నవ్వింది. తరువాత కాకరకాయ వదిలేసింది. అది ఆమెకు ఎప్పుడూ ఇష్టం లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

మా వంటింటి యంత్రం మీద 2026 జూన్ అని రాసి ఉంది. ప్రతి నెలా క్యాలెండరు కాగితం తిప్పేటప్పుడు అమ్మ దాని వంక చూసి, "దీనికింకా ఎన్నాళ్లురా?" అని అడుగుతుంది. నేను నెలలు లెక్కపెట్టి చెబుతాను.